లోతు లేని నీటిలో లోతైన విద్య

నెల్లూరునుండి ఆత్మకూరునకు పోవు బాటలో, పెన్నానది యొడ్డున సంగమను గ్రామము కలదు. ఏరులు పెన్నలో కలియు చోట వెలసినందున దానికా పేరు వచ్చినది. అక్కడి దేవుడును సంగమేశ్వరుడే. 1886 నాటికి ఇచ్చట నదికి అడ్డముగా ఆనకట్ట పూర్తియైనది. కాలక్రమమున అది శిథిలము కాగా, క్రొత్తగా నిర్మించిన బరాజు 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభమైనది. కనిగిరి జలాశయమునకును, కనుపూరు కాలువకును నీరిచ్చి నెల్లూరు సీమను వరిచేలతో నింపినది ఈ సంగము నీరే. ఇచ్చట నీటి లెక్క యంతయు ఎకరములలోను, పుట్లలోను జరుగును. మిగిలిన నీరు దిగువకు పోయి, తిక్కన సోమయాజి నివసించిన నెల్లూరును దాటి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతమున కలియును. అట్లు కలిసిన నీటిని గూర్చి జనులు తరచు "వృథాగా సముద్రము పాలైనది" అని విచారింతురు.

ఆ మాట నిజమా? వరిచేనును అడిగిన నిజమే యనును. చేపను అడిగిన వేరొక సమాధానము చెప్పును.

పండుగప్పను తీరవాసులలో ఎరుగనివారు లేరు. అది నదీముఖముల చెంత, ఉప్పునీట గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు పోటునీటితో ఉప్పుటేళ్లలోనికిని, తీరపు సరస్సులలోనికిని చేరును. అడ్డు లేనిచో నదిలో ఎగువకు చాల దూరము ఈది మంచినీట పెరుగును. పెద్దదైన పిమ్మట గ్రుడ్లకై మరల ఉప్పునీటికి దిగును. ఇందులో ఇంకొక వింత కలదు. ఈ చేప మొదట మగది. కొన్ని యేండ్లు పెరిగిన పిమ్మట ఆడుదియగును. కావున మిక్కిలి పెద్ద పండుగప్ప యనగా తల్లిచేప యని గ్రహింపవలెను. రొయ్య దారి దీనికి కొంత భిన్నము. అది సముద్రమున పుట్టి, పిల్లదశలో ఉప్పుటేరు చేరి, కొలది నెలలు అచ్చట పెరిగి, తిరిగి సముద్రమునకు మరలును. మడవచేపయు సముద్రముననే గ్రుడ్లు పెట్టును; దాని పిల్లలును లోనికి వచ్చి పెరుగును. దారులు వేరైనను వీని కన్నింటికిని బడి యొక్కటే: మంచినీరును ఉప్పునీరును కలియు లోతు లేని నీరు. అదియు ఒక సంగమమే.

పెన్నవెంట సముద్రము చేరి, అటనుండి తీరము వెంబడి దక్షిణముగా నడచినచో కృష్ణపట్నము చెంత కండలేరు ఉప్పుటేరు తగులును. ఇంకను దక్షిణమునకు పోయినచో ఆ నీటి బడులలో నెల్ల పెద్దది కనబడును. అదియే పులికాటు సరస్సు; తెలుగువారు ప్రళయకావేరి యని పిలిచినది. పెన్న నీరు దీనిలో పడదు. దీనికి కాళంగి, ఆరణి మొదలైన ఏరులే ఆధారము. కాని ధర్మము అదియే: ఎగువనుండి మంచినీరు, సముద్రమునుండి ఉప్పునీరు, రెండును రావలెను. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత చెప్పదగినది ఇదియే. ఉత్తర దక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున పరచుకొన్నది. దీనికిని సముద్రమునకును నడుమ గోడవలె శ్రీహరికోట దీవి నిలిచియున్నది. ఇంత పెద్ద నీటికి సగటు లోతు ఒక మీటరు మాత్రమే యనిన, క్రొత్తవారు నమ్మజాలరు.

లోతు తక్కువ గనుక ఈ నీటిలో పడవ నడుపుట సులభమని తోచవచ్చును. నిజము దానికి విరుద్ధము. లోతైన నీటిలో పడవకు ఎటుపోయినను దారియే. లోతు లేని నీటిలో దారి ఒక్కటే యుండును, అదియు దినదినము మారుచుండును. ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులతో ఈ నీటిపైకి పోయెననుకొందము. పడవవాడు తెడ్డు పక్కనబెట్టి పొడవైన గడతో అడుగును పొడుచుచు నడుపుచుండును. దూరమున ఎఱ్ఱని రెక్కల రాజహంసల గుంపును చూచి, పిల్లలు అటు పోదమందురు.

"అటు పోగూడదు అయ్యోరా! ఆ పచ్చి మోకాళ్ల దాకనే ఉండాది నీళ్లు. పడవ బురదలో కూచుంటాది" అనును పడవవాడు.

"మరి ఎటు పోదాం, పెద్దాయనా?" అని ఉపాధ్యాయుడు అడుగును.

"ఆ నల్లని గీత చూడండయ్యా, నీళ్లమీద. అదే కాలవ. పోటు దాంట్లోనే వస్తాది. చేపా దాంట్లోనే వస్తాది."

విద్యార్థులు ఆ దిక్కు ఎంత చూచినను వారికి నీరే కనబడును, గీత కనబడదు. ఆ గీతను చూడగలుగుటయే ఈ విద్య. నీటిరంగు ముదురుగా నున్నచోట లోతు. లేతగా నున్నచోట మెట్ట. గాలి లేనివేళ నీటిపై అల యొకటి వాలుగా కదలినచో దానిక్రింద చేపలమంద. బురద పొగవలె లేచినచోట ఏదో అడుగున మేయుచున్నది. కొంగ యొకటి నిశ్చలముగా నిలిచినచో అట చిన్నచేపలున్నవి. చిన్నచేపలున్నచోటికి పెద్దచేప రాకమానదు. ఇట్టి గురుతులు పుస్తకమున చదివి తెలియునవి కావు. తండ్రి గడ పట్టగా ముందు కూర్చుండిన బాలుడు ఏండ్లతరబడి చూచి నేర్చుకొనునవి.

ఈ విద్యకు పంచాంగమును కావలెను. అమావాస్యకును, పౌర్ణమికిని పోటు హెచ్చు. అష్టమి దినములలో తక్కువ. ప్రతిదినము పోటు ముందునాటికన్న సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. మన తీరమున పోటుపాటుల నడుమ భేదము పెద్దది కాదు. కాని సగటున ఒక మీటరు లోతుగల సరస్సులో రెండు జానల నీరు హెచ్చినను తగ్గినను అదియొక ప్రపంచము మారినట్లే. బడిలో చంద్రుని ఆకర్షణను గూర్చి చదివిన పాఠము ఇచ్చట పడవ అడుగున తెలియును.

ఈ నీటికి పాత గురువులలో యానాదులను తప్పక చెప్పవలెను. శ్రీహరికోట అడవులలోను, నెల్లూరు సీమయందును పూర్వమునుండి నివసించిన ఈ జాతివారు, వల లేకయే నడుములోతు నీట నిలిచి, బురదను చేతులతో తడిమి రొయ్యలను, పీతలను పట్టుదురు. వారి వ్రేళ్లే వారికి కన్నులు. సరస్సు దక్షిణభాగమున తమిళ గ్రామములలో మరియొక గొప్ప యేర్పాటు కలదు. దానిని పాడు అందురు. మంచి వేటచోటులను బలవంతులు ఆక్రమింపకుండ, హక్కుగల కుటుంబములవారు చీట్లు వేసికొని, వంతులవారీగా ఆ చోట్ల వలలు నాటుదురు. చట్టము పుట్టకమునుపే నీటిని పంచుకొను న్యాయమును వారు కనుగొనిరి. సంగము దగ్గర కాలువనీటికి వంతులున్నట్లే, ఇచ్చట చేపనీటికిని వంతులున్నవి.

ఇట్టి విద్యకు ఇతరదేశములలో ఎట్టి గౌరవము లభించుచున్నదో చూడవలసియున్నది. అమెరికాలోని ఫ్లారిడా దక్షిణతీరమున ఇట్టివే లోతు లేని అఖాతములు కలవు. అచ్చట గాలముతో వేటాడ గోరి వచ్చు అతిథులను తీసికొనిపోవుటకు గైడ్ అను ప్రత్యేక వృత్తివారున్నారు. గైడ్ పడవ వెనుక ఎత్తైన వేదికపై నిలిచి, మన పడవవానివలెనే పొడవైన గడతో చప్పుడు లేకుండ పడవను నడుపుచు, నీటిలోని చేపను దూరమునుండియే చూచి, అతిథికి దిక్కు చూపును. అతిథి విసరునది గాలము. వేటాడునది గైడ్ కన్ను. డబ్బు తీసికొని మనుష్యులను ఎక్కించుకొనుటకు వానికి ప్రభుత్వపు అనుమతిపత్రము ఉండవలెను. చిన్న పడవపై ఆరుగురికి మించి అతిథులు ఎక్కరాదు. మన పండుగప్పకు దూరపు బంధువైన స్నూక్ అను చేప అచ్చట కలదు. అదియు మొదట మగదై పిదప ఆడుదియగును. అందుచే నిర్ణీతమైన కనిష్ఠ, గరిష్ఠ పొడవుల నడుమ నున్న చేపను మాత్రమే ఇంటికి తీసికొనిపోవచ్చును. చిన్నదానిని, పెద్దదానిని నీటిలోనికి విడువవలెను. పిల్లనూ తల్లినీ కాపాడుటయే దీని తాత్పర్యము.

టెక్సాసు రాష్ట్రమున లగూనా మాద్రే యను సరస్సు పులికాటునకు తోబుట్టువా యనిపించును. లోతు సుమారు ఒక మీటరే. సముద్రమునకు అడ్డముగా శ్రీహరికోటవలె పాడ్రే దీవి. మన పులికాటు గుండ బకింగ్‌హాం కాలువ పోవునట్లే, దాని గుండ 1949లో ఓడల కాలువ త్రవ్విరి. అంతకుముందు ఎండలకు నీరు మితిమీరి ఉప్పెక్కి చేపలు గుంపులుగా చచ్చుచుండెడివి. కాలువవలన నీటికి కదలిక కలుగగా ఆ తీవ్రత తగ్గినది. లోతు లేని నీటికి కదలికయే ప్రాణమని దీనివలన తెలియును.

మన వైపు చూచిన ఆ ప్రాణమే తగ్గుచున్నది. సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. వానకాలమున పులికాటు నీరు ఇంతకన్న చప్పబడును. ఎండకాలమున, ముఖ్యముగా ఉత్తరభాగమున, సముద్రమును మించి ఉప్పెక్కును, పిమ్మట చాలమేర ఎండి పర్రగా మారును. ఉత్తరమున రాయదొరువు దగ్గర సముద్రముతో కలియు ముఖద్వారము ఇసుకమేటలతో పూడిపోవుట తీరవాసుల చిరకాలపు మొర. అలలు తీరము వెంబడి ఇసుకను మోసికొనిపోవుచుండును. లోపలినుండి ఏటినీరు బలముగా వచ్చి త్రోసినగాని ఆ తలుపు తెరచియుండదు. ఎగువ చెరువులును, ఆనకట్టలును నీటిని నిలిపినకొలది దిగువ త్రోపు తగ్గును. సముద్రమున కలిసిన ఏటినీరు వృథా కాదనుటకు ఇదియే కారణము. ఆ నీరు తలుపు తీయు చేయి. తలుపు మూసినచో రొయ్యపిల్ల లోనికి రాదు. పెరిగిన పండుగప్ప బయటికి పోదు. నల్లని గీతయు నీటినుండి చెరగిపోవును. గీత లేనప్పుడు దానిని చదువగల కన్నుతో పనియేమి? తడ పరిసరములలో శ్రీసిటీ కర్మాగారములు వెలసిన పిమ్మట యువకులకు వేరు జీవనోపాధి కనబడుచున్నది. వారిని తప్పు పట్టరాదు. కాని తండ్రితో పడవ నెక్కని కుమారునకు ఈ విద్య మరియొక చోట దొరకదు.

ఈ విద్య పోయిన కలుగు నష్టము చేపలతో ఆగదు. 2011 డిసెంబరు 25వ తేదీన, సరస్సు దక్షిణభాగమున తమిళనాడు వైపు, విహారమునకు వచ్చిన కుటుంబములవారితో పోవుచుండిన పడవ తలక్రిందులై 22 మంది మరణించిరి. ఒక మీటరు లోతు సరస్సని నమ్మి వచ్చు అతిథికి, ముఖద్వారము చెంత పోటుపాటుల వడి యెట్టిదో తెలియదు. తెలియజేయవలసినవాడు పడవవాడు, వాడు "ఇందరిని ఎక్కించను, ఇటు పోను" అన్నప్పుడు వాని మాట చెల్లవలెను. కూలివాని మాట చెల్లదు; గురువు మాట చెల్లును. భేదమంతయు ఇందే యున్నది.

చలికాలమున సూళ్లూరుపేటలో రాజహంసల పేర పండుగ జరుగును. అప్పుడు భీమునివారిపాలెము రేవునుండి పడవలు అతిథులను నీటిపైకి తీసికొనిపోవును. అనేక పాఠశాలల పిల్లలు పక్షులను చూడ వత్తురు. ఇది మంచి ఆరంభము. ఆంధ్రదేశపు భాగము 1976లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది గనుక, అట గాలము పట్టిన అతిథులకన్న కన్ను తెరచిన అతిథులే మేలు. పక్షిని చూపుటతో ఆగక, పడవవానిచేత నీటిని చదివించి చూపవలెను. పడవకు ఇందరే యను నియమము, ప్రతివారికిని నీట తేలు కవచము, ఆ పల్లెవారికే ఆ యాత్రపై హక్కు, వంతులవారీగా అందరికిని ఆదాయము — వీనికి పాడు అను పాత న్యాయమే దారిచూపగలదు. స. వెం. రమేశ్ ప్రళయకావేరి కథలలో ఈ సరస్సు దీవుల జీవితమును, అక్కడి మాటలతోనే అక్షరములలో నిలిపిరి. ఉపాధ్యాయులు పిల్లలచేత ఆ కథలను చదివించి, పిమ్మట పడవ నెక్కించినచో, పుస్తకము సగమును నీరు సగమును చెప్పి పాఠము పూర్తిచేయును.

సంగము బరాజుపై నిలిచి తలుపుల సందున దిగువకు దుముకు నీటిని చూచు విద్యార్థి, ఆ నీరు ఎన్ని ఎకరములను తడుపునో లెక్కవేయుట న్యాయమే. ఆ లెక్క పూర్తియైన పిమ్మట ఇంకొక పంక్తి వ్రాయవలసి యున్నది: సముద్రము తలుపు తెరచి యుంచుటకు ఎంత నీరు విడువవలెను? ఆ పంక్తి వ్రాయబడినంతకాలము తీరమున గడ పట్టిన వృద్ధుడు, ముందు కూర్చుండిన బాలునికి నీటిపై నల్లని గీతను చూపగలడు.