ప్రతినాయకుడు తండ్రియైన వేళ

పాఠశాల వార్షికోత్సవమునకు నాటకము సిద్ధము చేయు ఉపాధ్యాయునకు ఎదురగు మొదటి చిక్కు పాత్రల పంపకము. రాముని వేషమునకు పదిమంది బాలురు ముందుకు వత్తురు. మారీచుని వేషమునకు పిలిచినచో ఒక్కడును లేవడు. ఎవడో ఒకడు ఒప్పుకొనినగాని నాటకము నడువదు. చలనచిత్ర లోకమునందును ఇదే తీరు. నాయకులు కొందరే, వారి చుట్టును నిలిచి కథను మోయువారు పలువురు. అట్టివారిలో ఒకరై అర్ధశతాబ్దికి మించి తెలుగు తెరపై నిలిచిన నటుడు, పామర్రు ప్రాంతమునకు చెందిన చలపతిరావు.

విజయవాడనుండి బందరు పోవు మార్గమున పామర్రు ఒక కూడలి. ఇచ్చటనుండి ఒక బాట గుడివాడకును, మరియొకటి కూచిపూడి మీదుగా చల్లపల్లికిని పోవును. చుట్టును వరిచేలు, కాలువగట్లు. సిద్ధేంద్రయోగి పేరుతో ముడివడిన కూచిపూడియు, నందమూరి తారక రామారావు జన్మించిన నిమ్మకూరును ఈ కూడలికి చేరువనే కలవు. ముఖమునకు రంగు పూసికొనుట ఈ నేలకు కొత్త విద్య కాదు. పామర్రు మండలమునందలి బల్లిపర్రు గ్రామమున 1944 మే 8వ తేదీన తమ్మారెడ్డి చలపతిరావు జన్మించిరి.

1966లో విడుదలయైన ‘గూఢచారి 116’ ఆయన తొలి చిత్రము. దానికి నాయకుడు కృష్ణ. అప్పటికి చలపతిరావు వయస్సు 22 ఏండ్లు. ఆనాడు తెలుగు చిత్రసీమకు మద్రాసు కేంద్రము. చిన్న వేషములతో ఆ నగరమున నిలదొక్కుకొనుట ఎవరికిని సులభము కాదు. తన మండలమువాడేయైన రామారావు ప్రోత్సాహము ఆయనకు ఊతమైనది. 1977లో రామారావు స్వయముగా దర్శకత్వము వహించి, కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలు మూడింటిని తామే ధరించిన ‘దానవీరశూరకర్ణ’ వెలువడెను. ఆ చిత్రమున చలపతిరావు సయితము ఒకటికి మించిన వేషములు వేసిరి. నాయకుని త్రిపాత్రాభినయమును లోకమెల్ల కొనియాడెను. సహాయనటుడు కిరీటము మార్చుకొని మరల వచ్చినది ప్రేక్షకులలో గమనించినవారు అరుదు. గమనింపకపోవుటయే అతని విజయము.

పిమ్మటి సంవత్సరములలో ఆయనకు లభించినవి మిక్కిలిగా దుష్టపాత్రలే. ప్రతినాయకుని కుడిభుజముగా, ఊరిని పీడించు దుర్మార్గుడుగా చిత్రము వెంట చిత్రమున కనిపించిరి. ఇట్టి నటుని పని ఎంతటిదో పోరాట సన్నివేశమును శ్రద్ధగా చూచినచో బోధపడును. నాయకుని పిడికిలి ప్రతినాయకుని దవడకు తాకదు. తాకినట్లు మనము నమ్ముటకు కారణము, అవతలివాని తల సరియైన క్షణమున ప్రక్కకు విరుచుకొనుట. అది రెప్పపాటు ముందైనను, వెనుకైనను చప్పట్లకు బదులు నవ్వులు వినవచ్చును. నాయకుని బలమును ప్రేక్షకునికి చూపువాడు, ఆ దెబ్బ తినువాడే.

అయితే ఈ వేషమునకు చెల్లింపవలసిన మూల్యమును గలదు. స్త్రీలను హింసించు పాత్రలు ఆయనను పదే పదే వరించినవి. పాత్రను, పాత్రధారిని ఒకటిగా చూచుట ప్రేక్షకునికి సహజము. చిత్రసీమ తీరును దాదాపు అట్టిదే. ఒక వేషము నప్పినదన్నచో దానినే వంద మారులు చేతికిచ్చును. ఆ నటుని గొంతులో మరియొక స్వరము కలదేమోయని అడుగువారుండరు.

అడిగినవాడు దర్శకుడు కృష్ణవంశీ. 1996లో వచ్చిన ‘నిన్నే పెళ్ళాడతా’ చిత్రమున నాగార్జునకు తండ్రిగా చలపతిరావును నిలిపిరి. బంధువులతో కళకళలాడు ఇల్లు, కుమారునితో చెలికానివలె మెలగు తండ్రి, అతని ప్రక్క తల్లి పాత్రలో లక్ష్మి. ముప్పది ఏండ్లు భయపెట్టిన కన్నులు ఆ యింట చల్లగా నవ్వినవి. నటుడు మారలేదు, అతనికి ఎదుట నిలిచిన పాత్ర మారినది. నాటికి ఆయన వయస్సు 52 ఏండ్లు. అటుపిమ్మట తండ్రిగా, బాబాయిగా, ఇంటి పెద్దగా ఎన్నియో చిత్రములు ఆయనను పిలిచినవి. రామారావుతో నటించిన ఆయన, రామారావు కుమారుడు బాలకృష్ణతోను, మనుమడు చిన్న రామారావుతోను నటించి మూడు తరములకు తోడైరి. నిర్మాతగాను కొన్ని చిత్రములు తీసిరి. కుమారుడు రవిబాబు నటుడై, 2002లో ‘అల్లరి’తో దర్శకుడైరి.

ఈ జీవితమున ఒక మచ్చయు గలదు. 2017లో ఒక చిత్రముయొక్క పాటల విడుదల సభలో స్త్రీలనుగూర్చి ఆయన పలికిన మాట తీవ్రమైన నిరసనకు గురియయ్యెను. ఆయన క్షమాపణ చెప్పుకొనిరి. తెరపై దుష్టుడాడు మాట రచయితది. సభలో ఆడిన మాట ఆడినవానిదే. దానిని తేలికగా విడువరాదు. దానితోనే ఏబది ఏండ్ల కృషిని తూచివేయుటయు న్యాయము కాదు.

2022 డిసెంబరు 23వ తేదీన కైకాల సత్యనారాయణ కన్నుమూసిరి. గుడివాడ ప్రాంతపు కౌతరమున పుట్టి, యముడుగాను, ఘటోత్కచుడుగాను తెలుగువారిని అలరించిన మహానటుడాయన. రెండు దినములకే, 25వ తేదీన, 78 ఏండ్ల వయస్సున చలపతిరావు హైదరాబాదులో గుండెపోటుతో మరణించిరి. 2025 జులై 13వ తేదీన కంకిపాడువాడైన కోట శ్రీనివాసరావును వెడలిపోయిరి. మూడేండ్లు నిండకమునుపే కృష్ణా తీరము ముగ్గురు గుణచిత్ర నటులను కోల్పోయినది.

చలపతిరావు నటించిన చిత్రములు ఆరు వందలకు మించినవని చెప్పుదురు. వానిలో గోడపత్రికపై ఆయన బొమ్మ పెద్దదిగా నిలిచినవి అరుదు. అయినను వాని కథలు ఆయన లేనిచో నడువవు. రేపు మన పాఠశాలలో తెర వాలిన పిదప పాత్రధారుల పేర్లు చదువునపుడు, రామునితో ఆపక మారీచుని పేరును ఉపాధ్యాయుడు బిగ్గరగా చదువవలెను. ఎవరును కోరని వేషమునకు లేచి నిలిచిన ఆ బాలునికి అది చెందవలసిన చప్పట్లు.