తొలితరం సీడీ ప్లేయర్లు

తొలితరం సీడీ ప్లేయర్లు అనగా 1982 నుండి సుమారు 1990వ దశకం మధ్య వరకు తయారై, కాంపాక్ట్ డిస్కులపై ముద్రించిన సంగీతాన్ని వినిపించిన యంత్రాలు. వీటిలో కొన్ని నమూనాలు నలభై ఏళ్ళ తరువాత కూడా సంగీతప్రియుల ఆదరణ పొందుతూ "క్లాసిక్" అనిపించుకున్నాయి. వాటి ధర గానీ, అరుదుదనం గానీ ఇందుకు ప్రధాన కారణం కాదు. అప్పటికి పరిష్కారం తెలియని ఒక సాంకేతిక సమస్యను తనదైన పద్ధతిలో సాధించడం, ఆ సాధనను దీర్ఘకాలం నిలిచేలా, విప్పి బాగు చేసుకునేలా నిర్మించడం అనే రెండు లక్షణాలు ఉన్న యంత్రాలే ఎక్కువగా ఈ పేరుకు నోచుకున్నాయి.

పుట్టుక

కాంపాక్ట్ డిస్కును నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్, జపానుకు చెందిన సోనీ సంస్థలు కలిసి రూపొందించాయి. 1979 మార్చి 8న ఫిలిప్స్ తన నమూనా యంత్రాన్ని ఐండ్‌హోవెన్ నగరంలో పత్రికలవారికి ప్రదర్శించింది. అదే సంవత్సరం రెండు సంస్థల ఇంజనీర్లు ఉమ్మడిగా పని మొదలుపెట్టారు. 1980లో ఒక ఉమ్మడి ప్రమాణం సిద్ధమైనది. దీనికి "రెడ్ బుక్" అని పేరు.

ఈ ప్రమాణం ప్రకారం డిస్కు వ్యాసం 120 మి.మీ., మందం 1.2 మి.మీ. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా నమోదు చేస్తారు. చర్చల దశలో ఫిలిప్స్ 115 మి.మీ. డిస్కును, 14 బిట్లను ప్రతిపాదించగా, సోనీ 16 బిట్లు ఉండాలని పట్టుబట్టింది. చివరకు 16 బిట్లే ఖాయమయ్యాయి. ఈ చిన్న వివాదం తొలి యంత్రాల స్వరూపాన్ని నిర్ణయించింది.

పనిచేసే విధానం

డిస్కు లోపలి పొరపై అతి సూక్ష్మమైన గుంటలు సర్పిలాకార వరుసలో ఉంటాయి. పక్కపక్క వరుసల మధ్య దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే. ఈ వరుసను సాగదీస్తే పొడవు 5 కి.మీ. దాటుతుంది. గ్రామఫోను రికార్డు బయటి అంచు నుండి మొదలైతే, సీడీ లోపలి నుండి మొదలై బయటికి సాగుతుంది. చదివే వేగం ఒకేలా ఉండటానికి డిస్కు మొదట నిమిషానికి సుమారు 500 సార్లు, చివరకు సుమారు 200 సార్లు తిరుగుతుంది.

ప్లేయరులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి.

* చదివే భాగం: 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజరు కిరణాన్ని ఒక చిన్న కటకం డిస్కుపై కేంద్రీకరిస్తుంది. డిస్కు తిరుగుతున్నప్పుడు కలిగే పైకీ కిందికీ, పక్కలకూ కదిలే ఊగిసలాటను అనుసరిస్తూ ఈ కటకం క్షణక్షణం సర్దుకుంటుంది.
* దోషాలను సరిదిద్దే భాగం: గీతలు, ధూళి వలన పోయిన సంఖ్యలను గణిత పద్ధతిలో తిరిగి రాబడుతుంది. వరుస పొడవునా సుమారు 2.5 మి.మీ. మేర సమాచారం పోయినా పూర్తిగా సరిదిద్దగలదు.
* మార్పిడి చిప్పు: సంఖ్యలను తిరిగి ధ్వని తరంగంగా మారుస్తుంది. దీనిని డాక్ అంటారు.

మూడవ భాగమే ఎక్కువ చర్చకు గురైనప్పటికీ, యంత్రపు ఆయుష్షును నిర్ణయించేది మొదటి భాగమే.

ఒకే సమస్యకు రెండు పరిష్కారాలు

సోనీ సీడీపీ-101: ఇది 1982 అక్టోబరు 1న జపానులో 1,68,000 యెన్ల ధరకు అమ్మకానికి వచ్చింది. డిస్కును సొరుగులాంటి పళ్ళెంలో పెట్టి లోపలికి పంపే పద్ధతిని ఇది ప్రవేశపెట్టింది. తరువాతి కాలంలో దాదాపు అన్ని యంత్రాలూ ఇదే పద్ధతిని అనుసరించాయి. ఇందులో 16 బిట్ల డాక్ ఒక్కటే ఉంది. అది ఎడమ, కుడి ధ్వనులను వంతులవారీగా మారుస్తుంది. అందువలన రెండింటి మధ్య సెకనులో 88,200వ వంతు తేడా ఏర్పడుతుంది. చెవికి ఇది గుర్తించరానంత స్వల్పం. పేరులోని 101 ద్విసంఖ్యామానంలో 5ను సూచిస్తుంది.

ఫిలిప్స్ సీడీ100: సొరుగుకు బదులు పైమూత తెరిచి డిస్కును పెట్టే చిన్న యంత్రం ఇది. ప్రమాణం 16 బిట్లకు మారేనాటికి ఫిలిప్స్ చేతిలో ఉన్నది టీడీఏ1540 అనే 14 బిట్ల చిప్పు. దానిని పారవేయకుండా ఇంజనీర్లు వేరొక మార్గం కనుగొన్నారు. సెకనుకు 44,100 కొలతలను నాలుగు రెట్లు చేసి 1,76,400 గా మార్చి, ఆ క్రమంలో కలిగే దోషాన్ని వినికిడి పరిధికి బయటికి నెట్టారు. దీనివలన 14 బిట్ల చిప్పుతోనే దాదాపు 16 బిట్ల నాణ్యత లభించింది. ఈ పద్ధతిని ఓవర్‌శాంప్లింగ్ అంటారు.

దీనికి మరొక ప్రయోజనం కూడా కలిగింది. సీడీ ధ్వనిలో 20,000 హెర్ట్‌జ్‌ల వరకు సంగీతం ఉంచి, 22,050 హెర్ట్‌జ్‌ల పైన వచ్చే అనవసర సంకేతాలను తొలగించాలి. సోనీ యంత్రం ఇందుకు నిట్టనిలువు గోడ వంటి వడపోత వలయాన్ని వాడవలసి వచ్చింది. ఫిలిప్స్ పద్ధతిలో ఆ అనవసర సంకేతాలు చాలా దూరానికి జరిగిపోవడం వలన సరళమైన వడపోత సరిపోయింది. లోటును పూడ్చుకోవడానికి చేసిన ఉపాయమే తరువాత మొత్తం పరిశ్రమకు మార్గమైనది. సోనీ సహా ఇతర తయారీదారులు కొద్ది సంవత్సరాలలోనే ఓవర్‌శాంప్లింగ్‌కు మారారు.

పేరుపొందిన ఇతర నమూనాలు

* సోనీ డీ-50 (1984): చేతిలో పట్టుకుని వెళ్ళగలిగిన మొదటి సీడీ ప్లేయరు. నాలుగు సీడీ డబ్బాలను ఒకదానిపై ఒకటి పేర్చినంత మందంలో యంత్రం ఉండాలన్నది దీని లక్ష్యం. 49,800 యెన్ల ధరతో ఇది సీడీని సామాన్యుల దగ్గరకు తెచ్చింది.
* మరాంజ్ సీడీ-94: అప్పట్లో ఫిలిప్స్ ఆధీనంలో ఉన్న మరాంజ్ 1980ల రెండవ భాగంలో తయారుచేసినది. ఇందులో పోతపోసిన లోహపు సీడీఎం-1 యంత్రాంగం, 16 బిట్ల టీడీఏ1541ఏ చిప్పు ఉన్నాయి.
* నయిమ్ సీడీఎస్ (1991): ఇంగ్లండుకు చెందిన ఈ సంస్థ తన మొదటి సీడీ ప్లేయరులో విద్యుత్ సరఫరా భాగాన్ని వేరే పెట్టెలో అమర్చింది.
* సోనీ ప్లేస్టేషన్ (1994): ఇది ఆటల యంత్రమైనా, మొదటి శ్రేణి యంత్రాల వెనుక ధ్వని తీగలు నేరుగా తగిలించే అమరిక ఉండటంతో చౌకలో మంచి సీడీ ప్లేయరుగా పేరు తెచ్చుకుంది. దీని లేజరు బండి జారే ప్లాస్టిక్ భాగాలు త్వరగా అరిగిపోయేవి.
* బియోసౌండ్ 9000 (1996): డెన్మార్కుకు చెందిన బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ కోసం డేవిడ్ లూయిస్ రూపకల్పన చేసిన ఈ యంత్రంలో ఆరు డిస్కులు గాజు వెనుక వరుసగా కనిపిస్తాయి. తిప్పే యంత్రాంగమే ఒక డిస్కు నుండి మరొకదానికి జరుగుతుంది. కాలం దృష్ట్యా ఇది తొలితరానికి చివరిది.

మార్పిడి చిప్పులు

1985లో వచ్చిన టీడీఏ1541, ఆ తరువాత వచ్చిన టీడీఏ1541ఏ ఈ కాలపు చిప్పులలో అత్యంత ప్రసిద్ధమైనవి. పరీక్షలో ఎక్కువ కచ్చితత్వం చూపిన వాటిని వేరుచేసి కిరీటం గుర్తు ముద్రించేవారు. ఈ గుర్తు గల చిప్పులకు నేడు అధిక ధర పలుకుతున్నందున నకిలీలు కూడా మార్కెట్టులో తిరుగుతున్నాయి. 1980ల చివరిలో ఒక బిట్ పద్ధతి చిప్పులు రావడంతో తయారీ ఖర్చు బాగా తగ్గింది.

ధ్వని గురించిన వాదాలు

పాత యంత్రాల ధ్వని "వెచ్చగా", "సహజంగా" ఉంటుందని అభిమానులు చెబుతారు. తొలి యంత్రాల వడపోతలలో, విద్యుత్ వలయాలలో కొలవదగిన తేడాలు ఉన్నమాట నిజమే. అయితే రెండు యంత్రాల ధ్వని స్థాయిని కచ్చితంగా సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా వినిపించినప్పుడు ఈ తేడాలలో చాలా భాగం గుర్తించడం కష్టమవుతుంది. కొద్దిపాటి ఎక్కువ ధ్వని కూడా చెవికి "మెరుగు"గా తోచడం దీనికి ఒక కారణం. కాబట్టి క్లాసిక్ హోదాను ధ్వని ఒక్కదానితో సమర్థించడం కష్టం. నిర్మాణం, చరిత్రలో స్థానం, మరమ్మతుకు అనువు అన్నవి అంతకంటే గట్టి ఆధారాలు.

తెలుగు ప్రాంతాలలో

పైన పేర్కొన్న యంత్రాలు తెలుగువారిలో అధిక సంఖ్యాకులకు అందుబాటులోకి రాలేదు. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు దిగుమతి వస్తువులపై సుంకాలు భారీగా ఉండేవి. 1980, 1990 దశకాలలో సినిమా పాటలు, భక్తి గీతాలు, జానపదాలు ప్రధానంగా క్యాసెట్ల ద్వారానే వ్యాపించాయి. అప్పటి నల్గొండ జిల్లాలోని మోత్కూర్ వంటి చిన్న పట్టణాలకు సీడీ అన్నది ఎక్కువగా 1990ల చివర, 2000ల మొదట, వీడియో సీడీ రూపంలో పరిచయమైనది. అందుచేత ఈ ప్రాంతంలో "సీడీ ప్లేయరు" అన్న మాటకు టీవీకి తగిలించి సినిమా చూసే యంత్రం అనే అర్థమే స్థిరపడింది.

1993లో రూపొందిన వీడియో సీడీ ప్రమాణం కూడా అదే 120 మి.మీ. డిస్కును వాడుకుంది. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాల చిత్రం పడుతుంది. అందువలన రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు లేక మూడు డిస్కులలో వచ్చేది. ఆ తరువాత వచ్చిన ఎంపీ3 డిస్కులో వందకు పైగా పాటలు ఇమిడేవి. పది, పన్నెండు పాటల ఆడియో సీడీ విస్తృతంగా వ్యాపించకముందే దాని స్థానాన్ని ఎంపీ3 ఆక్రమించింది.

మన్నిక, మరమ్మతు

సీడీ ప్లేయరు సాధారణంగా మార్పిడి చిప్పు వలన చెడిపోదు. లేజరు బలహీనపడటం, కటకంపై ధూళి చేరడం, సొరుగును నడిపే రబ్బరు బెల్టు సాగిపోవడం, గ్రీజు గట్టిపడటం, విద్యుత్ వలయంలోని కెపాసిటర్లు ఎండిపోవడం ప్రధాన కారణాలు. బెల్టు, గ్రీజు, కెపాసిటర్లు సులువుగా మార్చవచ్చు. లేజరు భాగం సంగతి వేరు.

ఫిలిప్స్ తొలి యంత్రాంగాలైన సీడీఎం-0, సీడీఎం-1 లలో లేజరు ఒక ఊగే చేయిపై అమర్చి ఉంటుంది. కటకం గాజుది. ఇవి చాలా మన్నికైనవి, కానీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. చెడిపోతే మరొక పాత యంత్రం నుండి తీసి వేయడమే మార్గం. దీనికి భిన్నంగా సోనీ కేఎస్ఎస్-213 వంటి చౌక లేజరు భాగాలు సాధారణ ప్లేయర్లలో, వీడియో సీడీ యంత్రాలలో విరివిగా వాడబడ్డాయి. వాటి నకళ్ళు సైతం పెద్ద సంఖ్యలో తయారైనందున ఈనాటికీ దొరుకుతాయి. అనగా ఎక్కువ ఖర్చుతో కట్టిన యంత్రం విడిభాగం లేక మూలపడగా, సాధారణ యంత్రం తక్కువ ఖర్చుతో తిరిగి పాడగలదు.

పాత యంత్రాన్ని కొనే ముందు ఈ క్రింది అంశాలు గమనించవలసి ఉంటుంది.

* డిస్కులోని చివరి పాట ఆగకుండా వస్తున్నదా? బలహీన లేజరు, అరిగిన బండి ఎక్కువగా డిస్కు చివరి భాగంలోనే బయటపడతాయి.
* డిస్కు పెట్టిన తరువాత పాటల సంఖ్య చూపడానికి ఎంత సమయం పడుతున్నది?
* అందులోని లేజరు భాగం పేరేమిటి, అది దొరుకుతున్నదా?
* విద్యుత్ అమరిక ఎన్ని వోల్టులకు? జపానులో అమ్మకానికి చేసినవి 100 వోల్టులవి. భారతదేశంలోని 230 వోల్టులకు నేరుగా కలిపితే పాడవుతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు అవసరం.

కటకాన్ని శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొద్దిగా తడిపిన దూదిపుల్ల చాలును. గట్టిగా నొక్కితే కటకాన్ని పట్టి ఉంచిన సన్నని తీగలు దెబ్బతింటాయి. యంత్రం నడుస్తున్నప్పుడు కటకంలోకి చూడరాదు. ఈ లేజరు కాంతి కంటికి దాదాపు కనిపించదు గనుక ప్రమాదం తెలియదు.

ప్రాముఖ్యత

సీడీలోని సంగీతం సంఖ్యల రూపంలో ఉన్నందున దానిని చదవడానికి ఏదో ఒక నిర్దిష్ట యంత్రమే ఉండనవసరం లేదు. పాత కంప్యూటరులోని సీడీ డ్రైవు కూడా అవే సంఖ్యలను చదివి భద్రపరచగలదు. కనుక తొలితరం ప్లేయర్లు మూలపడినా సంగీతం పోదు. పోయేది, గుంటలుగా ముద్రించిన సంఖ్యలను తిరిగి స్వరంగా మార్చే పనిని 1982లో ఇంజనీర్లు ఎన్ని విధాలుగా సాధించారో చూపే సాక్ష్యం. పనిచేసే స్థితిలో ఉన్న ఒక సీడీపీ-101 లేదా సీడీ100 ఆ సాక్ష్యాన్ని విప్పి చూడగలిగే రూపంలో నిలిపి ఉంచుతున్నది.