హుసేన్ సాగరముపై తెరచాపలు

వానకారు గాలి వీచు దినములలో సికింద్రాబాదు వైపునుండి హుసేన్ సాగరమును చూచువారికి, నీటిపై తెల్లని తెరచాపలు వంగుచు లేచుచు, మలుపులు తిరుగుచు కనిపించును. ఇచ్చటికి సముద్రము చాల దూరము. ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, 1562 ప్రాంతమున, నగరపు నీటి అవసరములకై హుసేన్ షా వలీ కట్టించిన చెరువిది. దీనిపై పందెపు పడవలు పరుగులెత్తుట వింతగా తోచవచ్చును. ఆ వింత వెనుక ఒక మంచి చరిత్ర గలదు.

పందెపు ఓడల కథ మొదట సంపన్నుల కథ. 1851 ఆగస్టు 22వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమున, వైట్ ద్వీపము చుట్టును జరిగిన పందెములో ‘అమెరికా’ అను ఓడ బ్రిటిష్ ఓడలను ఓడించెను. ఆనాటి బ్రిటిష్ ఓడలు ముందు బొద్దుగను, వెనుక సన్నముగను ఉండెడివి. జార్జ్ స్టీర్స్ రూపొందించిన ‘అమెరికా’ ముందు భాగము సన్నమై నీటిని చీల్చుకొని పోయెను. దాని నూలు తెరచాపలు బిర్రుగా నిలిచెను. ఆ గెలుపు పేరనే ‘అమెరికా కప్పు’ వెలసినది.

తేయాకు వర్తకుడు సర్ థామస్ లిప్టన్ ఆ కప్పుకొరకు 1899 మొదలు 1930 వరకు ఐదు మారులు పోటీపడి, ఐదు మారులును ఓడిపోయెను. ఆయన చివరి ఓడ ‘ఐదవ షామ్‌రాక్’ పొడవు దాదాపు 120 అడుగులు. ‘జె’ తరగతికి చెందిన అట్టి ఓడలు 1930 దశకమున పది మాత్రమే నిర్మింపబడినవి. కోటీశ్వరులకు తప్ప అన్యులకు అవి అందునవి కావు. అట్టి పందెములో గెలిచినది నావికుని నేర్పా, యజమాని ధనమా అను ప్రశ్న ఉండనే ఉండును.

ఆ ప్రశ్నకు దొరికిన సమాధానమే ఒకే నమూనా పడవ. అందరి పడవలు ఒకే కొలత, ఒకే తెరచాప. ఇక తేడా నడుపువానిలోనే. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లలకొరకు ‘ఆప్టిమిస్ట్’ను రూపొందించెను. అది ఎనిమిది అడుగులైన లేని పెట్టెవంటి పడవ. కెనడావాసి బ్రూస్ కర్బీ గీసిన ‘లేజర్’ 1996లో ఒలింపిక్ క్రీడలలో చేరెను. దాని బరువు 59 కిలోలు. నడుపువాడొక్కడు, తెరచాప యొక్కటి.

పెద్ద ఓడకైనను, చిన్న పడవకైనను సూత్రమొక్కటే. గాలికి ఎదురుగా నేరుగా పోవుట అసాధ్యము. తెరచాప పక్షి రెక్కవలె వంపు తిరిగి గాలిని మళ్లించును. అందువలన పుట్టిన బలము పడవను ముందుకును, ప్రక్కకును నెట్టును. నీటిలోనికి దింపిన పలక ఆ ప్రక్కపోటును అడ్డగించగా పడవ ముందుకు సాగును. ఇట్లు గాలికి ఏటవాలుగా, ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు మరలుచు గమ్యము చేరవలెను. భౌతికశాస్త్రమున బలముల విభజన నేర్చు విద్యార్థికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకుట అరుదు.

సికింద్రాబాదున ఈ విద్య వేరూనుటకు సైన్యము తోడ్పడినది. సైనిక యంత్రశాస్త్ర దళమైన ఇ.ఎం.ఇ. వారి విద్యాలయము 1953లో ఈ నగరమునకు తరలివచ్చెను. ఆ దళపు సెయిలింగ్ సంఘము హుసేన్ సాగరముపై శిక్షణ నిచ్చుచు, లేజర్ పడవలకు ‘హైదరాబాద్ సెయిలింగ్ వీక్’ పోటీలు నడిపినది. 2009లో నెలకొన్న యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబముల పిల్లలకును తెరచాప త్రాడు చేతికిచ్చినది. లిప్టన్ సంపద తేలేని గెలుపును, ఓర్పు, గాలిని చదువు కన్ను గల బాలిక తేగలదు.

అయితే పడవలు సమానమైనంతమాత్రమున చాలదు. నీరు శుభ్రముగ నుండవలెను. నగరపు మురుగును, కర్మాగారముల వ్యర్థములును దశాబ్దములుగా ఈ చెరువున చేరినవి. ఆక్రమణలచే దాని విస్తీర్ణము తగ్గినది. పడవ తలక్రిందులైనపుడు ఆ నీటిలో మునుగునది నేర్చుకొను బిడ్డయే. తెరచాపల అందమును గట్టుపైనుండి చూచి మెచ్చు పౌరులు, ఆ తెరచాపల క్రింది నీటిని గూర్చియు అడుగవలెను.