రూతు పరిగె ఏరిన పొలం: క్రైస్తవ విశ్వాస కథల్ని ఎలా చదవాలి?

క్రైస్తవ దళిత కుటుంబాల్లో చదివే కథల గురించి తెలుగు విమర్శ మాట్లాడింది బాగా తక్కువ. జాషువా పద్యాల గురించి మాట్లాడుకున్నాం. ఆయన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన సంగతి గర్వంగా చెప్పుకున్నాం. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక చేతులు మారే చిన్న నవలలూ, సంఘ పత్రికల్లో వచ్చే కథలూ, ఇంగ్లీషు నుంచి వచ్చిన పుస్తకాలూ ఎవరి లెక్కలోకీ రాలేదు. విశ్వాసంగల అమ్మాయి, దారి తప్పిన అబ్బాయి, కన్నీటి ప్రార్థన, మారుమనస్సు, చివరికి పెళ్ళి. అగ్రకుల విమర్శకుడికి ఇది మతప్రచారం. వామపక్ష మిత్రులకి మత్తుమందు. దళిత విమర్శకులం మనం కూడా వీటిని పక్కనే పెట్టేం.

మరి వీటిని చదివేదెవరు? శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మాలపేటల్లో, రెల్లివీధుల్లో పదో తరగతో ఇంటరో చదివిన ఆడపిల్లలు, హాస్టలు విద్యార్థులు, పంతులమ్మలు, పాస్టరమ్మలు. ప్రేమంటే ఏమిటి, మంచి మొగుడంటే ఎవరు, తప్పు చేసినవాణ్ణి ఎంతవరకు క్షమించాలి అనే ప్రశ్నలకి వీళ్ళకి జవాబులు దొరికే చోట్లలో ఈ కథలూ ఒకటి. వీటిని కొట్టిపారేస్తే ఆ పాఠకుల్ని కూడా కొట్టిపారేసినట్టే. అలాగని ప్రతి వాక్యానికీ 'ఆమెన్' అనుకుంటూ చదవమనీ కాదు. మన బతుకుని పక్కన పెట్టుకుని వీటిని ఎలా చదవాలో చూద్దాం.

పుస్తకం వచ్చిన దారి

ఉత్తరాంధ్రకి తెలుగు క్రైస్తవ పుస్తకం కొత్త కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరపున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ విశాఖపట్నం వచ్చేరు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. 1846లో కేథలిక్ ఫాదర్లు విశాఖ చేరేరు. 1875 తర్వాత కెనడా తూర్పు తీరపు బాప్టిస్టులు భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళాల్లో స్థిరపడ్డారు. సాలూరు, పార్వతీపురం వైపు జర్మన్ లూథరన్లు వచ్చేరు. బొబ్బిలిలో మటిల్డా చర్చిల్ ఆడపిల్లల బడి నడిపింది. ఆమె స్వదేశానికి రాసిన ఉత్తరాలు 1916లో టొరంటోలో పుస్తకంగా వచ్చేయి.

మిషనరీల ఉత్తరాలూ రిపోర్టులూ విశ్వాస కథకి ఒక అచ్చు పోసేయి. చీకట్లో ఉన్న ఒక పిల్ల, బడి, బైబిలు, ఇంటివాళ్ళ వ్యతిరేకత, ఆ పిల్ల ఒంటరిగా నిలబడడం. కులం ఉన్న ఇంటినుంచి వచ్చిన క్రైస్తవుడికి ఈ అచ్చు సరిపోతుంది. అతను నిజంగానే ఇల్లు వదలాలి. కానీ తెలుగుదేశంలో దళితులు ఎక్కువగా వచ్చింది ఒక్కొక్కరుగా కాదు. కుటుంబాలుగా, పేటలుగా వచ్చేరు. ఒంగోలు మిషన్‌లో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అది ఒక్క హృదయంలో జరిగిన మార్పుగా రాస్తే అర్థం కాదు. ఒక జనం ఊరి పెత్తనం కిందనుంచి బయటికి చూసిన చూపు అందులో ఉంది. మన విశ్వాస కథలు మాత్రం ఆ మూకుమ్మడి అనుభవాన్ని వదిలి ఒంటరి హృదయాన్నే పట్టుకున్నాయి. చదివేవాళ్ళు ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఈ కథలు చేసిన మంచి కూడా చెప్పుకోవాలి. దళిత స్త్రీకి ఒక మనసుందనీ, ఆ మనసుతో దేవుడు నేరుగా మాట్లాడతాడనీ ఇవి చెప్పేయి. సంస్కరణ సాహిత్యంలో మాలపిల్ల ఎక్కువగా పై కులపు మగవాడి ఉదారతకి పరీక్షగా వస్తుంది. విజయనగరంలో గురజాడ రాసిన 'లవణరాజు కల'లో రాజుకీ మాలపిల్లకీ పెళ్ళి జరిగేది కలలో. 1938 నాటి 'మాలపిల్ల' సినిమాలో ఆమెని ప్రేమించేది బ్రాహ్మణ యువకుడు. విశ్వాస కథలో మాత్రం అమ్మాయే ప్రార్థిస్తుంది, అమ్మాయే 'కాదు' అంటుంది. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టడం మగతనం కాదు, పాపం అని ఆ కథ సూటిగా పేరు పెడుతుంది. ఇది చిన్న విషయం కాదు.

భాష సంగతి కూడా ఉంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడేడు. బడి గడప తొక్కనివ్వని జనానికి మాత్రం రాతభాష చెవిన పడిన చోట్లలో గుడి పాటలూ బైబిలు పఠనమూ ముఖ్యమైనవి. మన క్రైస్తవ ఇళ్ళల్లో అవ్వలు అక్షరం రాకపోయినా బైబిలు తెలుగులో ప్రార్థన చేస్తారు. విశ్వాస కథల్లో బైబిలు తెలుగూ ఇంటి తెలుగూ కలిసి నడవడానికి కారణం ఇదే.

కళ్ళం కథా, పొలం కథా

ప్రేమ గురించిన క్రైస్తవ కథలకి పెద్దమ్మ లాంటిది బైబిల్లోని రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు. యువజన కూటాల్లో, పెళ్ళి ప్రసంగాల్లో దీన్ని అత్తకి విధేయురాలైన కోడలి కథగా, మంచి భర్త కోసం దేవుడి మీద ఆధారపడిన అమ్మాయి కథగా చెబుతారు. ఆ కథే మళ్ళీ మళ్ళీ నవలగా వస్తుంది. మనం గ్రంథం తెరిచి చూద్దాం.

రూతు మోయాబు దేశపు విధవ. పరాయి జాతి. మోయాబీయులు పదో తరం వరకూ సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో నియమం ఉంది. అంటే ఆమె ఆ ఊళ్ళో వెలి మనిషి. తిండి లేక కోత చేలోకి పరిగె ఏరడానికి వెళ్తుంది. పరిగె అనే మాట మన తెలుగు బైబిల్లో ఉన్నదే. వరికోతలయ్యాక రాలిన వెన్నులు ఏరుకోవడం ఏమిటో మన ఊళ్ళల్లో కంబారి ఇంటి ఆడవాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అయితే ఒక తేడా ఉంది. పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, రాలింది ఏరుకోకూడదు, అది బీదలకీ పరదేశులకీ వదలాలి అని లేవీయకాండం 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. ఆ చట్టం ప్రకారం పరిగె ఆమె హక్కు. మనకి అది నాయుడిగారి దయ అని నేర్పేరు.

రెండో అధ్యాయంలో బోయజు తన పనివాళ్ళకి ఆమెని ముట్టవద్దని చెబుతాడు. ఎందుకు చెప్పాల్సొచ్చింది? ఒంటరి కూలి ఆడదానికి చేలో ఏం జరుగుతుందో అతనికి తెలుసు. మూడో అధ్యాయంలో రాత్రిపూట కళ్ళం దగ్గర పెళ్ళి మాట ఎత్తేది రూతే. నాలుగో అధ్యాయంలో ఊరి గుమ్మం దగ్గర పెద్దల ముందు జరిగేది భూమి పంచాయితీ. నయోమి పొలాన్ని విడిపించాల్సిన దగ్గర బంధువు ముందు సరే అంటాడు. రూతుని కూడా చేసుకోవాలనేసరికి తన స్వాస్థ్యం చెడిపోతుందని వెనక్కి తగ్గి చెప్పు తీసి ఇస్తాడు. అప్పుడు బోయజు పదిమంది సాక్షిగా పొలమూ పెళ్ళీ ఒకేసారి ఖాయం చేస్తాడు. ఆమె మునిమనవడే దావీదు రాజు.

అంటే బైబిలు ప్రేమకథలో ఆకలి ఉంది, కూలి చేలో భయం ఉంది, వెలి ఉంది, భూమి హక్కు ఉంది. తర్వాత వచ్చిన విశ్వాస కథలు కళ్ళం దగ్గరి రాత్రిని ఉంచుకుని పొలాన్ని వదిలేసేయి. మన చదువు ఆ పొలాన్ని వెతకడంతో మొదలవ్వాలి.

పడమటి నుంచి వచ్చిన ప్రేమకథలు

ఈనాటి క్రైస్తవ ప్రేమ నవలకి దారి వేసినవాటిలో కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్లీ' ముఖ్యమైనది. కొత్త భూముల వైపు బండి కట్టుకుని వెళ్ళిన మార్టీ భర్త చనిపోతాడు. దిక్కులేక, చిన్న కూతురున్న క్లార్క్ అనే భార్య పోయినవాణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. ప్రేమా విశ్వాసమూ మెల్లగా వస్తాయి. ఒత్తిడి చెయ్యని మగవాణ్ణి చూపించడం ఈ నవల బలం. అయితే ఆ కొత్త భూములు ఎవరివి? ఆ ఖండపు మూలవాసుల నుంచి లాక్కున్నవి. సెంటు భూమి లేని పాఠకురాలు ఆ పచ్చిక మైదానాన్ని చూసి నిట్టూర్చేటప్పుడు ఈ ప్రశ్న కూడా వెయ్యాలి.

ఫ్రాన్సీన్ రివర్స్ 1991లో రాసిన 'రిడీమింగ్ లవ్' హోషేయ ప్రవక్త కథకి కొత్త రూపం. చిన్నప్పుడే వ్యభిచారంలోకి అమ్ముడుపోయిన అమ్మాయిని ఒక భక్తిపరుడు పెళ్ళి చేసుకుంటాడు. ఆమె పారిపోతుంది, అతను వెతికి తెస్తాడు. ఎంత పడిపోయినా ప్రేమకి అర్హత పోదని చెప్పడం ఇందులో నచ్చే విషయం. మన దగ్గర జోగినులుగా వదిలినవాళ్ళు ప్రధానంగా దళిత స్త్రీలు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చెయ్యాల్సొచ్చింది. జోగినికి ముందు కావలసింది క్షమాపణా, న్యాయమా? పాపం ఆమెదా, ఆమెని వదిలిన ఊరిదా? హోషేయ కథలో విడిపించేవాడే ఎప్పుడూ మగవాడెందుకు? యువజన కూటంలో ఈ మూడు ప్రశ్నలు వేస్తే నవల చదువు వేరేగా నడుస్తుంది.

కథ చెప్పని సంగతులు

'విశ్వాసి విశ్వాసినే చేసుకోవాలి' అనేది ఈ కథలన్నిటికీ కట్టుబాటు. మన సంఘాల్లో దీనికి చెప్పని రెండో షరతు ఉంది. ఆ విశ్వాసి మన కులమే అవ్వాలి. ఒకే కీర్తన పాడుకునే మాల సంఘం, రెల్లి సంఘం పిల్లనిచ్చి పుచ్చుకోవడం అరుదు. పై కులాల నుంచి వచ్చిన విశ్వాసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కథలో అబ్బాయి తాగుడు మానితే అడ్డంకి తొలగిపోతుంది. బతుకులో అతను తాగుబోతు కాకపోయినా అడ్డంకి ఉంటుంది.

చట్టం ఇంకో ముడి వేసింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాదు. 1956లో సిక్కు దళితులకీ, 1990లో బౌద్ధ దళితులకీ సవరణ చేసేరు. క్రైస్తవ దళితులకి చెయ్యలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ షరతు తీసెయ్యమని సిఫార్సు చేసినా అది పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన దళితుల్ని బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చేరు. అంచేత ఎన్నో ఇళ్ళల్లో ఒక మనిషికి రెండు పేర్లు. గుడిలో ఒకటి, స్కూలు రికార్డులో ఒకటి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద చర్చి రిజిస్టర్లో సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. ఆ కాగితం రేపు కుల సర్టిఫికెట్‌కి ఎదురు సాక్ష్యం అవుతుందన్న భయం. ఉద్యోగంతో పాటు 1989 అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా పోతుందన్న భయం. ఇంత నాటకీయత మన ప్రతి పెళ్ళిపందిట్లో ఉండగా మన విశ్వాస కథల్లో హీరోయిన్‌కి సర్టిఫికెట్టే ఉండదు.

మూడోది క్షమాపణ. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్షింపేటలో, మడ్డువలస ప్రాజెక్టుకి సేకరించిన భూమి సాగు తగాదాలో అయిదుగురు దళితుల్ని చంపేసేరు. అలాంటి నేల మీద కూర్చుని 'శత్రువుని క్షమించిన కథ' చదువుతున్నాం. క్షమించకూడదని కాదు. లూకా 19వ అధ్యాయంలో జక్కయ్య సంగతి చూడండి. అతను కన్నీళ్ళతో ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. రక్షణ మాట ఆ తర్వాత వచ్చింది. విశ్వాస కథలో ఎవరైనా మారుమనస్సు పొందితే, అతను ఏం తిరిగిచ్చేడో వెతకండి. ఏమీ ఇవ్వకపోతే ఆ మార్పుకి ఖర్చు పెట్టింది క్షమించినవాళ్ళే.

మనవాళ్ళు తిరగరాసిన కథలు

ఈ అచ్చుని దళిత రచయితలు ఇప్పటికే బద్దలుకొట్టేరు. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఎం.ఎం. వినోదిని కూతురి కథగా మార్చేరు. ఇల్లు వదిలి చదువుకోడానికి వెళ్ళిన దళిత క్రైస్తవ అమ్మాయి అగ్రకుల స్నేహితురాలి ఇంటి తీరుకి మురిసి, తన ఇంటినీ మనుషుల్నీ చిన్నచూపు చూస్తుంది. ఆ ఇంట్లో తన చోటేమిటో తెలిసేక తండ్రి దగ్గరకొస్తుంది. ఇక్కడ దూరదేశం అంటే పాపలోకం కాదు, బ్రాహ్మణీయ సంస్కృతి. తిరిగి రావడం అంటే పేటకి తిరిగి రావడం.

జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) నవలలో తరాల చరిత్రని జ్ఞాపకం చేసుకునే స్త్రీ పేరు రూతు. ఆమె భర్త రూబేను. విశ్వాసం, దాంపత్యం, భూమి, పాట, పోరాటం ఒకే ఇంటి కథగా అందులో నడుస్తాయి. బైబిల్ రూతు దగ్గర పోయిన పొలం ఈ రూతు జ్ఞాపకంలో మళ్ళీ దొరుకుతుంది.

చెయ్యవలసిన పని

ఉపాధ్యాయులూ కార్యకర్తలూ హాస్టళ్ళలో, యువజన కూటాల్లో ఒక విశ్వాస కథని తీసుకుని కలిసి చదవొచ్చు. ఇందులో ఎవరు పని చేస్తున్నారు, ఎవరి పొలంలో? హీరో కులం ఏమిటి, రచయిత ఎందుకు చెప్పలేదు? అమ్మాయి 'కాదు' అంటే కథ ఒప్పుకుంటుందా? పశ్చాత్తాపపడినవాడు ఏం తిరిగిచ్చేడు? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. తర్వాత అదే కథని తమ పేటలో జరిగినట్టు, సర్టిఫికెట్‌తో సహా, పిల్లల చేత తిరిగి రాయించాలి.

రెండో పని సేకరణ. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా దాచుకోవలసిందే అని మనకి నేర్పింది. పాత సంఘ పత్రికలు, సండే స్కూలు కథల పుస్తకాలు, బైబిల్ స్త్రీల చేతిరాత పుస్తకాలు మన ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. వాటికి చెదలు పట్టకముందే బయటికి తీసి, ఎవరు రాసేరో, ఏ ఊరివాళ్ళో, ఏ సంవత్సరమో రాసి పెట్టాలి. మన అవ్వలు ఏం చదివి ఏడ్చేరో, ఏం చదివి ధైర్యం తెచ్చుకున్నారో అప్పుడు గానీ తెలీదు.