పట్నం దారిలో ఒక త్రిసత్రము



కొడుకునో కూతురునో చదువు కోసమో ఉద్యోగం కోసమో హైదరాబాదు పంపని కుటుంబాలు మన సంఘాలలో ఈనాడు తక్కువ. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా జిల్లాల నుండి విజయవాడ రోడ్డున వచ్చే బస్సులు ఎల్.బి.నగర్ చౌరస్తా మీదుగానే పట్నంలో ప్రవేశిస్తాయి. అక్కడ దిగి మెట్రో రైలు ఎక్కితే మూడో స్టేషను దిల్‌సుఖ్‌నగర్. ఆ రైలు వచ్చింది 2018 సెప్టెంబరులో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుండే మన పిల్లలు బియ్యం సంచితో, ఆవకాయ సీసాతో అక్కడ దిగుతూ వచ్చారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, సందు సందునా మెస్సులు. ఇదే వారి లోకం.

ఇంటి నుండి ఫోను చేసిన తల్లి మొదట అడిగేది, "అన్నం తిన్నావా?" అని. తరువాత అడిగేది, "ఆరాధనకు వెళ్ళావా?" అని. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు దొరకడం మేము చూశాము.

ఒకే బల్ల, మూడు సంఘాలు

ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా ఊరి అబ్బాయిని చూడడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, అతడు రోజూ తినే మెస్సులోనే భోంచేశాము. ఆరు బల్లలున్న చిన్న గది. అన్నం, పప్పు, దొండకాయ వేపుడు, సాంబారు, పెరుగు. మెస్సు నడిపేది నల్లగొండ పల్లె నుండి వచ్చిన ఒక తల్లి. గోడకు వాక్యపు క్యాలెండరు తప్ప మరే అలంకారమూ లేదు.

ఆ అబ్బాయి మొదటిసారి అక్కడ కన్నులు మూసి ప్రార్థించుకొన్న రోజున ఎదుటివాడు అన్నం కలపకుండా ఆగాడట. ఆమేన్ అన్నాక, "బ్రదర్, మీదే సంఘం?" అని అడిగాడట. మావాడిది బాప్టిస్టు సంఘం. అడిగినవాడు గుంటూరు వైపు లూథరన్. ప్రక్కన కూర్చున్నవాడు ఖమ్మం వైపు నుండి వచ్చిన డోర్నకల్ డయాసిస్ బిడ్డ. ఆనాటి నుండి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర తింటున్నారు.

ఇది చిన్న సంగతి కాదు. ఫాదర్ హయ్యర్‌గారు 1842లో గుంటూరు చేరినది మొదలు అది లూథరన్ సేవా క్షేత్రమైంది. నల్లగొండలో బాప్టిస్టులు, మెదకులో వెస్లియనులు పని చేశారు. డోర్నకల్‌లో 1912లో అజరయ్యగారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. ఒకరు దున్నిన పొలంలో మరొకరు విత్తకూడదని మిషనరీలు ప్రాంతాలు పంచుకొన్నారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి కొన్ని సంఘాలు ఒకటైనా, లూథరన్లు, బాప్టిస్టులు విడిగానే ఉండిపోయారు. అందువలన పల్లెలో పెరిగిన బిడ్డకు వేరే సంఘపు బిడ్డతో కలిసి కూర్చునే సందర్భమే అరుదు. ఆ దూరాన్ని ఒక మెస్సు బల్ల తగ్గించింది.

సంతుష్టి నేర్పిన బడి

ఆ ముగ్గురిలో ఖమ్మం అబ్బాయి గ్రూప్-1 ఉద్యోగం కోసం చదువుతున్నాడు. 2022 అక్టోబరులో వ్రాసిన ప్రిలిమ్స్ పరీక్ష రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ వ్రాస్తే అదీ రద్దయింది. మూడోసారి వ్రాసింది 2024 జూన్‌లో. తండ్రి కౌలు పొలం మీద పంపే డబ్బు తింటున్నానన్న సిగ్గుతో అతడు క్రిస్మసుకు ఇంటికి పోలేదు. తరువాత మెస్సుకు రావడమూ మానేశాడు. బల్ల దగ్గర చోటు ఖాళీగా ఉండడం చూసి, మిగిలిన ఇద్దరూ గదికి వెళ్ళి చేయి పట్టుకొని తీసుకువచ్చారు. బాకీ సంగతి అతడు ఎత్తబోతే ఆ తల్లి, "ముందుగాల తిను బిడ్డా, లెక్క తర్వాత చూసుకుందాం" అన్నదట.

అతనికి ఆ ఉద్యోగం రాలేదు. ఉదయం ఒక దుకాణంలో లెక్కలు వ్రాస్తూ, సాయంత్రం చదువుకొంటున్నాడు. ఈ మాట మాతో చెప్పినప్పుడు తల వంచుకోలేదు. తరువాతి క్రిస్మసుకు ఇంటికి వెళ్ళి వచ్చాడు.

సంతుష్టి అంటే ప్రయత్నం మానుకోవడం కాదు. ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండడం తాను నేర్చుకొన్నానని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసింది బంధకాలలో నుండే. నేర్చుకొన్నానన్నాడు గనుక అది పుట్టుకతో వచ్చేది కాదు. ఆకలి, సమృద్ధి రెండూ అతనికి పాఠాలయ్యాయి. ఆ అబ్బాయికి పప్పన్నం పళ్ళెం, ఇద్దరు స్నేహితులు, ఒక తల్లి మాట పాఠాలయ్యాయి.

మనము చేయదగినది

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో పౌలు ఖైదీగా రోమా పట్టణానికి నడుస్తున్నాడు. సహోదరులు కొందరు అప్పీయా సంతపేట వరకు, మరికొందరు త్రిసత్రముల వరకు ఎదురు వచ్చారు. త్రిసత్రములు రోమాకు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, బాటసారులు తిని విశ్రమించే చోటు. అక్కడ వారిని చూడగానే పౌలు దేవుని స్తుతించి ధైర్యం తెచ్చుకొన్నాడు. అంతటి అపొస్తలునికే పరాయి పట్టణపు దారిలో నలుగురి ముఖాలు అవసరమైతే, పద్దెనిమిదేళ్ళ మన బిడ్డకు అవసరం కాదా?

తల్లిదండ్రులారా, బిడ్డ ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు, పదిమందిలోనూ పళ్ళెం ముందు దేవునికి కృతజ్ఞత చెప్పే అలవాటును కూడ ఇచ్చి పంపండి. అది ఇంట్లో రోజూ చూస్తేనే వస్తుంది. పాస్టరుగారి చేత అక్కడి సంఘానికి ఒక ఉత్తరం వ్రాయించండి. చూడడానికి వెళ్ళినపుడు, ఆ మెస్సులోనే బిడ్డ ప్రక్కన కూర్చుని తినండి. పరీక్ష సంగతి తరువాత అడగవచ్చు.

ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో కాపురముంటున్న విశ్వాసులారా, ఎవరి బిడ్డో ఈ రాత్రి కూడ బస్సు దిగుతుంది. రోమా సహోదరులు అంత దూరం ఎదురు నడిచారు. మీరు నడవవలసింది మీ వీధి చివరి మెస్సు వరకే.