తెర ముందటి తరగతిలో మాట మర్యాద

ఒకప్పుడు పైచదువు కోరిన గ్రామీణ యువకుడు ఊరు విడిచి పట్టణము చేరవలసి యుండెను. 1982లో హైదరాబాదున నెలకొనిన సార్వత్రిక విశ్వవిద్యాలయము ఆ యిబ్బందిని కొంత తీర్చినది. 2017లో కేంద్ర ప్రభుత్వము ‘స్వయం’ వేదికను ప్రారంభించుటతో పాఠము చేతి ఫోనులోనికే వచ్చినది.

‘స్వయం’ పాఠ్యక్రమమునకు నాలుగు అంగములు కలవు: దృశ్య పాఠము, చదువుకొను సామగ్రి, స్వీయ పరీక్షలు, చర్చా వేదిక. మొదటి మూడింటిని విద్యార్థి ఒంటరిగా సాధింపవచ్చును. నాల్గవదానిలో ఇతరులతో మాటాడవలెను. సందేహములు తీరు చోటు అదియే. అక్కడ అడుగు పద్ధతి తెలియక మౌనము వహించినచో, సందేహముపై సందేహము పేరుకొని చదువు నడుమనే నిలిచిపోవును. కావున ఈ మర్యాదలను కేవలము అలంకారములుగా తలపరాదు.

ప్రశ్న అడుగు విధము

ఎదుట కూర్చున్న శిష్యుని ముఖము చూచి, వానికి పాఠము తెలిసినదో లేదో గురువు గ్రహించును. తెరపై ఆ సౌకర్యము తక్కువ. ‘‘సార్, అర్థము కాలేదు’’ అని మాత్రమే వ్రాసినచో, వందలాది విద్యార్థులున్న తరగతిలో ఉపాధ్యాయుడు దేనికని జవాబు చెప్పును? దానికి బదులు ఇట్లు వ్రాయవచ్చును: ‘‘నమస్కారము. మూడవ వారము, రెండవ పాఠము, ఐదవ లెక్క. నాకు సగటు 12 వచ్చినది. జవాబులో 14 అని యున్నది. నేను చేసిన విధమును క్రింద వ్రాసితిని. ఎక్కడ తప్పినదో తెలుపగోరుచున్నాను.’’ ఇందులో స్థలము, ప్రయత్నము, సందేహము మూడును కలవు. అడుగుటకు ముందు, అదే ప్రశ్నను మరియొకరు అడిగిరేమో చూచుట మంచిది. గడువునాటి రాత్రివరకు ఆగక, రెండు మూడు దినములు ముందుగనే అడుగవలెను. జవాబు వచ్చిన పిదప ‘‘తెలిసినది, కృతజ్ఞతలు’’ అని వ్రాసినచో, అదే సందేహము గల తక్కినవారికిని మేలగును.

మనవారు పలువురు తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నారు. అట్లు వ్రాసినప్పుడు ‘పది’, ‘పడి’, ‘పాడి’ ఒకే తీరున కనబడవచ్చును. తెలుగు తెలిసిన తరగతిలో తెలుగు లిపిలోనే వ్రాయుట మేలు. ఇంగ్లీషున వ్రాయవలసి వచ్చినచో చిన్న వాక్యములు చాలును. భాషలో తప్పు దొరలునేమో యను సంకోచము వలదు. అన్నియు పెద్దక్షరములతో వ్రాసినచో కేకలు వేసినట్లు ఇతరులు భావింతురని మరువరాదు.

తరగతి జరుగునప్పుడు

పలు గృహములలో ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉండును. తండ్రి పేరుతో తరగతిలో చేరినచో హాజరు ఎవరిదో ఉపాధ్యాయునికి తెలియదు. కావున మొదట మీ పేరు సరిచేసికొనుడు. మాటాడని వేళ మైకు ఆపివేయుడు. పంపు మోతయు, వీధి సందడియు తరగతి అంతటికి వినబడును. మాటాడదలచినప్పుడు చేయి యెత్తు గుర్తును నొక్కి, వంతు వచ్చువరకు ఆగుడు. ఇంటివారును ఆ గంటసేపు రేడియో, టెలివిజన్ల ధ్వని తగ్గించి సహకరింపవలెను.

తోటివారి యెడల

ఈ తరగతులలో పదునెనిమిదేండ్ల బాలికయు, నలువదేండ్ల రైతును సహాధ్యాయులు కావచ్చును. అందరిని ‘మీరు’ అనుటయే ఉచితము. భేదాభిప్రాయము కలిగినచో మాటను ఖండింపవచ్చును గాని మనిషిని నిందింపరాదు. ఉపాధ్యాయుడు పొరబడినట్లు తోచినచో, ‘‘ఈ మెట్టును మరొకసారి చూడగోరుచున్నాను’’ అని వినయముతో తెలుపవచ్చును. పద్ధతిని చర్చించుట విద్య. పరీక్షకు పెట్టిన ప్రశ్నల జవాబులను పంచిపెట్టుట మోసము.

ఇతరుల ఫోను నెంబరును, ఫొటోను వారి అనుమతి లేక ఎవరికిని పంపరాదు. ఒక విద్యార్థిని నెంబరు బయటికి పొక్కి, అపరిచితుల పిలుపులు మొదలైనచో, ఇంటివారు భయపడి ఆమె చదువునే మాన్పింపవచ్చును. ఒకరి అజాగ్రత్త మరియొకరి భవిష్యత్తును చెరచుట ఎంత అన్యాయము! ఉపాధ్యాయుల పేరు చెప్పి ఓటీపీ అడుగువారిని నమ్మరాదు. మోసపోయి ధనము కోల్పోయినచో వెంటనే 1930 నెంబరునకు తెలుపవలెను.

అడుగుటలో నామోషీ లేదు. చదువుచున్న బిడ్డలు గల తలిదండ్రులు ఈ సంగతులను వారితో ముచ్చటింపగలరని, విద్యార్థులు ఈ వారమే తమ మొదటి ప్రశ్నను నిర్భయముగా వ్రాయగలరని ఆశించుచున్నాము.