పెట్టె మీద 200 మెగాపిక్సెల్.. ఫోటోలో ఎంత? ఫోన్‌కూ కెమెరాకూ తేడా ఇదీ

షాదీల సీజన్ వచ్చిందంటే చాలా ఇళ్లలో కొత్త ఫోన్ మాట మొదలవుతుంది. "నిఖా, వలీమా ఫోటోలు బాగా రావాలి, మంచి కెమెరా ఫోన్ తీసుకుందాం" అని 30 వేలు, 50 వేలు పెట్టేస్తున్నారు. దుకాణంలో మాత్రం చూసేది ఒక్కటే, పెట్టె మీద ఉన్న మెగాపిక్సెల్ నంబర్. దాన్ని నమ్మి కొన్నవాళ్లు తర్వాత ఫంక్షన్ హాల్ ఫోటోలు చూసి నిరాశపడటం మామూలైపోయింది. డబ్బు పెట్టే ముందు నాలుగు విషయాలు తెలుసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

1. వెలుగు ఎంత పడుతుంది?

కెమెరా లోపల వెలుగు పడే చిన్న పలకను సెన్సర్ అంటారు. పెళ్లి ఫోటోగ్రాఫర్లు వాడే ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో ఇది 36 × 24 మిల్లీమీటర్లు ఉంటుంది. మధ్యరకం ఫోన్ల మెయిన్ కెమెరాలో సుమారు 8 × 6 మిల్లీమీటర్లే. లెక్క వేస్తే అక్కడ 864 చదరపు మిల్లీమీటర్లు, ఇక్కడ 48. అంటే 18 రెట్ల తేడా. వానలో గంగాళం పెడితే ఎన్ని నీళ్లు నిండుతాయి, గ్లాసు పెడితే ఎన్ని నిండుతాయి? ఇదీ అంతే.

మరి 200 మెగాపిక్సెల్ సంగతేంటి? ఆ చిన్న పలకనే 20 కోట్ల గళ్లుగా కోస్తారు. ఒక్కో గడి ఎంత చిన్నదంటే, అందులో పడే వెలుగు సరిపోదు. అందుకే ఫోన్ మామూలుగా 16 గళ్లను ఒకటిగా కలిపేస్తుంది. 200ను 16తో భాగిస్తే పన్నెండున్నర. చివరికి చేతికొచ్చేది 12.5 మెగాపిక్సెల్ ఫోటోనే. 50 మెగాపిక్సెల్ ఫోన్ నాలుగేసి గళ్లు కలిపి ఇచ్చేది కూడా దాదాపు అంతే.

వెలుగు తక్కువున్నప్పుడు ఫోన్ ఇంకో తెలివి చూపిస్తుంది. నైట్ మోడ్‌లో వరసగా కొన్ని ఫోటోలు తీసి ఒకటిగా అతుకుతుంది. మనిషి కదలకుండా నిలబడితే ఫలితం బాగుంటుంది. పరుగెత్తే పిల్లలు మాత్రం చెదిరిపోతారు. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక మసక కూడా ఎక్కువగా సాఫ్ట్‌వేర్ పనే. దుపట్టా జరీ అంచు, వెంట్రుకల దగ్గర తప్పు కోత పడేది అందుకే. పెద్ద కెమెరాలో ఆ మసక లెన్స్ నుంచే వస్తుంది.

అయితే పగటిపూట, ఆరుబయట ఈ తేడా బాగా తగ్గిపోతుంది. ఎండ, నీడ రెండూ ఉన్న చోట ఫోన్ తనంతట తానే సరిచేసి ఇచ్చేస్తుంది. కెమెరా ఫోటోకు తర్వాత ఎడిటింగ్ పని తప్పకపోవచ్చు.

2. ఎంత దూరం నుంచి తీస్తారు?

హాల్ వెనక కూర్చుని స్టేజీ మీది దూల్హాను జూమ్ చేస్తే మొహం ముద్దగా వస్తుంది. టెలిఫోటో లెన్స్ లేని ఫోన్లో జూమ్ అంటే ఉన్న ఫోటోను కత్తిరించి పెద్దది చేయడమే. కెమెరాలో లెన్స్ జరుగుతుంది, వివరం పోదు. చవక ఫోన్ల వెనక మూడు, నాలుగు కళ్లు కనిపించినా మోసపోవద్దు. వాటిలో మాక్రో, డెప్త్ పేరుతో పెట్టేవి చాలాసార్లు 2 మెగాపిక్సెల్‌వే.

అయినా ఫోనే ఎందుకు గెలిచింది?

2007లో వచ్చిన నోకియా ఎన్95 బటన్ల ఫోన్. దాంట్లో 5 మెగాపిక్సెల్ కెమెరా, ఆటోఫోకస్, ఫ్లాష్, వీడియో అన్నీ ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన మొదటి ఐఫోన్‌లో 2 మెగాపిక్సెలే. ఫ్లాష్ లేదు, వీడియో తీయడం కూడా రాదు. కానీ ఫోటోను పెద్ద తెర మీద వేలితో జరిపి చూసే సుఖం జనానికి నచ్చింది. నంబర్లో ఓడిన టచ్ స్క్రీన్ వాడకంలో గెలిచింది. 2012లో నోకియా 808తో 41 మెగాపిక్సెల్ ఇచ్చినా ఆ కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. మరుసటి ఏడాదే ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్లు ప్రకటించింది.

కెమెరాలకూ దెబ్బ తగిలింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. 2023కి అవి 77 లక్షలకు పడిపోయాయి. జేబులో పట్టే చిన్న కెమెరాలను ఫోన్ దాదాపు మింగేసింది. మిగిలినవి ఎక్కువగా పెద్ద సెన్సర్ ఉన్నవే.

3. ఫోటో ఎక్కడికి పోతుంది?

పర్దా పాటించే కుటుంబాలకు ఇది కెమెరా నాణ్యత కన్నా పెద్ద ప్రశ్న. జనానా వైపు మగ ఫోటోగ్రాఫర్ అవసరం లేకుండా ఆడపిల్లలే ఫోన్‌తో తీసుకోవడం మంచి సౌకర్యం. కానీ కెమెరాలో తీసిన ఫోటో మామూలుగా మెమరీ కార్డులోనే ఉంటుంది. ఫోన్లో బ్యాకప్ ఆన్‌లో ఉంటే వెంటనే క్లౌడ్‌కు ఎక్కుతుంది. ఇంట్లో ఒకే జీమెయిల్ రెండు, మూడు ఫోన్లలో ఉంటే అక్క తీసిన ఫోటో అన్న ఫోన్లోనూ కనిపించవచ్చు. ఫంక్షన్‌కు ముందే బ్యాకప్ ఆపుకోవాలి, లేదా వేరే అకౌంట్ పెట్టుకోవాలి. పాత ఫోన్ అమ్మేటప్పుడు ఫోటోలు డిలీట్ చేస్తే చాలదు, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి.

4. డబ్బు ఎలా కడుతున్నారు?

"నో కాస్ట్ ఈఎంఐ" అని దుకాణాల్లో బోర్డులు ఉంటాయి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే సాధారణంగా జరిగేది ఇదీ. బ్యాంకు తన కాగితంలో వడ్డీ వేస్తుంది. అంత మొత్తాన్ని దుకాణం ముందే ధరలో తగ్గిస్తుంది. ఉదాహరణకు వడ్డీ రూ.1,200 అయితే దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.216 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరు. కంతు ఆలస్యమైతే జరిమానా కూడా పడుతుంది. సూద్‌కు దూరంగా ఉండాలనుకునేవాళ్లు బోర్డు చూసి కాదు, ఒప్పంద కాగితం చదివి, దాన్ని ఆలిమ్‌కు చూపించి నిర్ణయం తీసుకోవాలి.

ఎవరికి ఏది సరిపోతుంది?

* రోజువారీ ఫోటోలు, వీడియో కాల్స్, పిల్లల చదువు: ఓఐఎస్ ఉన్న మధ్యరకం ఫోన్ చాలు. చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా చూసేది ఇదే. కొనే ముందు దుకాణంలోనే చీకటి మూల ఒకటి, నడిచే మనిషిది ఒకటి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.
* మాట్లాడటానికే ఫోన్ కావాలనే పెద్దవాళ్లు: బటన్ ఫోనే సుఖం. చార్జింగ్ రోజుల తరబడి ఉంటుంది.
* ఇంట్లో ఒక్క షాదీ కోసం: ఫోన్‌కు అదనంగా 20 వేలు పెట్టే బదులు కెమెరా అద్దెకు తీసుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడల్లో రోజు లెక్కన ఇచ్చేవాళ్లున్నారు. వాడటం తెలిసినవాళ్లు ఇంట్లో ఉండాలి.
* ఫోటోగ్రఫీని రోజీగా చేసుకోవాలనుకునే యువత: సెకండ్ హ్యాండ్‌లో అయినా కెమెరానే. బాడీతో పాటు లెన్స్, కార్డు, బ్యాటరీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.
* పాత ఫోన్ కొనేవాళ్లు: *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. దాన్ని సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. బ్లాక్ చేసిన ఫోన్ అయితే అక్కడే తెలిసిపోతుంది.

ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. ఆల్బమ్ వేయించాలనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి. 50 వేల ఫోన్‌తో తీసిన ఫోటోకైనా ఈ జాగ్రత్త తప్పదు.